మోక్షగుండము విశ్వేశ్వరయ్య

హైదరాబాదు నగరము మూసీనది ఒడ్డున పెరిగినది. తరతరములుగా ఆ నగరమును పోషించిన నదియే ఒకనాడు దానిని ముంచివైచెను. ఆ నదిని అదుపులో నుంచు మార్గమును చూపిన మేధావి మోక్షగుండము విశ్వేశ్వరయ్య.

ఆయన పూర్వులు ఆంధ్రదేశములోని మోక్షగుండమను గ్రామమునుండి మైసూరు సీమకు వలసపోయిన తెలుగువారు. విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15వ తేదీన ముద్దెనహళ్లిలో జన్మించెను. చిన్నతనముననే తండ్రి గతించెను. బెంగుళూరులో చదువుకొనునపుడు ఆయన పిల్లలకు పాఠములు చెప్పి, ఆ ఆదాయముతో కాలము గడపెను. 1881లో పట్టభద్రుడై, పూనా నగరమున ఇంజనీరింగు విద్యను పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వమున ఉద్యోగియయ్యెను. పూనా సమీపమున ఖడక్‌వాస్లా జలాశయమునకు ఆయన కల్పించిన తలుపులు నీరు హద్దు మీరినపుడు తమంతట తామే తెరచుకొని, నీరు తగ్గగానే మూసికొనుచుండెడివి. దానితో ఆయన కీర్తి దేశమంతట వ్యాపించెను.

ఇట్లుండ 1908 సెప్టెంబరు మాసాంతమున హైదరాబాదునకు ఘోరవిపత్తు సంభవించెను. శంషాబాదు ప్రాంతమున ఒక్క దినములోనే సుమారు 13 అంగుళముల వాన కురిసెను. మూసీ పరీవాహక ప్రాంతములో నున్న 788 చెరువులలో 221 తెగిపోయెను. ఒక చెరువు కట్ట తెగగా ఆ నీరు దిగువ చెరువుపై బడి దానిని తెంచెను. ఇట్లు పెరిగిన ప్రవాహము 28వ తేదీన నగరముపై విరుచుకుపడెను. వంతెనలు కూలెను, వేలకొలది యిండ్లు నేలమట్టమయ్యెను. మృతులు సుమారు పదునైదువేలని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలోని యొక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది వరకు ప్రాణములు దక్కించుకొనిరి.

అప్పుడు విశ్వేశ్వరయ్య బొంబాయి ఉద్యోగమును వీడ నిశ్చయించుకొని ఐరోపా ఖండమున పర్యటించుచుండెను. నిజాము ప్రభుత్వము ఆహ్వానింపగా 1909లో ఆయన హైదరాబాదునకు వచ్చెను. వచ్చినవాడు నగరములోని శిథిలములను మాత్రమే చూచి ఊరకుండలేదు. వానల లెక్కలు సేకరించెను; తెగిన చెరువుల వివరములు తెలిసికొనెను; నదిలో ఎంత నీరు పారగలదో గణించెను. గట్లు ఎత్తుచేసినంతమాత్రమున నగరమునకు రక్షణ కలుగదనియు, నది మోయలేని నీటిని నగరమునకు ఎగువననే నిలిపి మెల్లమెల్లగా విడువవలెననియు ఆయన నిర్ణయించెను. ఇందుకై మూసీపై నొకటి, దాని ఉపనదియైన ఈసీపై నొకటి, రెండు జలాశయములు నిర్మింపవలెనని సూచించెను. నదీతీరములను ఉద్యానవనములతో తీర్చిదిద్దవలెననియు, మురుగునీటికి భూగర్భమార్గములు వేయవలెననియు చెప్పెను.

ఆ యేడే ఆయన మైసూరునకు చీఫ్ ఇంజనీరుగా వెడలెను. అనంతరము అచట దివానయ్యెను. ఆయన సూచించిన జలాశయములను ఇతరులు నిర్మించిరి. గండిపేట వద్ద ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. అవి వరదను ఆపుటయే గాక నగరవాసుల దాహమును గూడ తీర్చెను. 1955లో భారత ప్రభుత్వము విశ్వేశ్వరయ్యను భారతరత్న బిరుదముతో గౌరవించెను. నిండు జీవితము గడపి 1962లో ఆయన పరమపదించెను. ఆయన జన్మదినమును మన దేశమున ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నారు.

గండిపేటకు అనతిదూరమున నున్న గచ్చిబౌలిలో ఒకప్పుడు బండరాళ్లు, పొలములు ఉండెడివి. నేడచట మిన్నంటు భవనములు నిలిచియున్నవి. నగరము పెరిగిన కొలది వాననీరింకు నేల తరుగుచున్నది. చెరువులును, కాలువలును కుంచించుకొని పోవుచున్నవి. 2020 అక్టోబరులో కుండపోత వాన కురిసినపుడు హైదరాబాదులో చెరువుల కట్టలు మరల తెగెను. ఎన్నో పేటలు నీట మునిగెను. పెద్ద జలాశయములు రెండున్నను, చిన్న చెరువులను అలక్ష్యము చేసినచో ముప్పు తప్పదని ఆ ఘటన తెలిపినది.

వరద వచ్చిన పిమ్మట దుఃఖించుట అందరికిని సహజమే. దాని కారణమును వెదకి, ముందుగానే నీటికి చోటు కల్పించుట వివేకుల లక్షణము. విశ్వేశ్వరయ్య జీవితము మనకు నేర్పు పాఠమిదియే.