సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (ఆగష్టు 17, 1909 - జూన్ 11, 1963) సుప్రసిద్ధ భారత ఫుట్‌బాల్ శిక్షకుడు, హైదరాబాదుకు చెందిన ఉపాధ్యాయుడు. రహీం సాబ్‌గా పేరుపొందిన ఈయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు గెలుచుకొంది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం పొందింది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు దాదాపు రెండు దశాబ్దాలు శిక్షకుడిగా పనిచేసి, ఆ జట్టును దేశంలోని మేటి జట్లలో ఒకటిగా తీర్చిదిద్దాడు. జంటనగరాల పేటలలో సాయంకాలపు కాలక్షేపంగా ఉన్న ఆటను క్రమశిక్షణ గల విద్యగా మలచిన వ్యక్తిగా రహీంను క్రీడాభిమానులు గుర్తుంచుకొన్నారు.

బాల్యం, విద్యాభ్యాసం

రహీం 1909 ఆగష్టు 17న నిజాం పాలనలోని హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. పట్టా పొందాడు. 1918లో స్థాపించబడిన ఈ విశ్వవిద్యాలయంలో అప్పట్లో బోధన ఉర్దూ మాధ్యమంలో జరిగేది. విద్యార్థి దశలో విశ్వవిద్యాలయ జట్టులో ఆడి మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకొన్నాడు. తరువాత, విశ్వవిద్యాలయపు అప్పటి విద్యార్థులు, పూర్వవిద్యార్థులు కలిసి ఏర్పరచుకొన్న ఎలెవన్ హంటర్స్ జట్టులోనూ, స్థానిక లీగు పోటీలలో ముందు వరుసలో ఉండిన కమర్ క్లబ్ జట్టులోనూ ఆడాడు.

ఉపాధ్యాయ వృత్తి

చదువు పూర్తయిన తరువాత రహీం ఉపాధ్యాయ వృత్తిని చేపట్టాడు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో పనిచేశాడు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పొందాడు. అటు పిమ్మట పాఠశాలలో క్రీడల బాధ్యతను కూడా స్వీకరించాడు. శిక్షకుడిగా ఈయన అనుసరించిన పద్ధతులకు పునాది ఈ వృత్తిలోనే ఉంది. ఒక్కొక్క విద్యార్థి బలహీనతను గుర్తించి దానికి తగిన అభ్యాసం ఇవ్వడం, ఒకే పాఠాన్ని ఓపికగా పదేపదే చెప్పడం, తరగతిలో వలెనే మైదానంలోనూ సమయపాలన పాటింపజేయడం ఈయన శిక్షణలో కనిపించేవి.

జంటనగరాలలో ఫుట్‌బాల్

హైదరాబాదు, సికింద్రాబాదులలో ఫుట్‌బాల్ వ్యాప్తికి ముఖ్య కారణం కంటోన్మెంటు. సికింద్రాబాదు, బొల్లారం ప్రాంతాలలో నివసించిన బ్రిటిషు సైనికులు ఆడుతుండగా చూసి స్థానిక యువకులు ఈ ఆటను నేర్చుకొన్నారు. క్రమంగా ప్రతి పేటకూ ఒక జట్టు, ప్రతి జట్టుకూ కొందరు అభిమానులు ఏర్పడ్డారు. నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చి స్థిరపడిన అరబ్బుల సంతతివారు నివసించే బార్కాస్ ఈ ఆటకు పెట్టింది పేరు. సికింద్రాబాదులో మార్నింగ్ స్టార్ క్లబ్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్ వంటివి ఉండేవి. భారత జట్టు గోల్‌కీపర్‌గా ప్రసిద్ధి చెందిన పీటర్ తంగరాజ్ ఈ రెండు క్లబ్బులలో ఆడి పైకి వచ్చినవాడే.

ఈ ఆటకు ఖర్చు తక్కువ. బంతి ఒక్కటి ఉంటే ఇరవై మంది ఆడుకోవచ్చు. బూట్లు కొనే స్తోమత లేనివారు వట్టి కాళ్ళతోనే ఆడేవారు. అందువలన చిరుద్యోగులు, కార్మికులు, విద్యార్థులు, పోలీసు జవానులు పని ముగియగానే మైదానానికి చేరేవారు. ఆడలేనివారు గట్టున నిలబడి చూసేవారు. ఆట ముగిసిన తరువాత ఇరానీ హోటళ్ళలో చాయ్ తాగుతూ ఆనాటి గోల్స్‌ను గురించి వాదించుకోవడం జంటనగరాలలో పరిపాటిగా ఉండేది. ముస్లింలు, హిందువులు, క్రైస్తవులు, తెలుగు, ఉర్దూ, తమిళ భాషలవారు ఒకే జట్టులో కలిసి ఆడేవారు. రహీంకు ఆటగాళ్ళు లభించినది ఈ వాతావరణం నుండే.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు

రహీం 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. మరణించేవరకు ఆ పదవిలో కొనసాగాడు. ఇంచుమించు అదే కాలంలో సిటీ పోలీసు జట్టుకు శిక్షణ బాధ్యత చేపట్టాడు. అంతకు పూర్వం ఈ జట్టు సిటీ ఆఫ్ఘన్స్ అనే పేరుతో ఉండేది. పోలీసు శాఖలో ఉద్యోగం లభించడం వలన పేద కుటుంబాల ఆటగాళ్ళకు జీవనోపాధి చింత తగ్గి, ఆటపై దృష్టి నిలిపే అవకాశం కలిగింది.

బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఈ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు గెలుచుకొంది. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957 సంవత్సరాలలోనూ, ఆంధ్ర పోలీసు జట్టుగా పేరు మారిన తరువాత 1961లోనూ సాధించింది. 1950 డ్యూరాండ్ ఫైనల్‌లో కలకత్తాకు చెందిన మోహన్ బగాన్‌తో మ్యాచ్ సమంగా ముగియగా, తిరిగి ఆడిన మ్యాచ్‌లో సిటీ పోలీసు జట్టు గెలిచింది. అప్పటివరకు భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తా క్లబ్బులే అన్న అభిప్రాయం ఈ విజయాలతో మారింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జమాల్, మొయిన్, లాయక్ మొదలైనవారు ఈ జట్టులోని ప్రసిద్ధ ఆటగాళ్ళు. దూరపు నగరాలలో జరిగే ఈ ఆటల ఫలితాల కోసం జంటనగరాల అభిమానులు రేడియో వార్తలపైనా, మరునాటి పత్రికలపైనా ఆధారపడేవారు.

రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57, 1957-58లలో వరుసగా రెండుసార్లు గెలుచుకొన్నది కూడా రహీం కాలంలోనే.

శిక్షణా విధానం

ఆ రోజులలో ప్రేక్షకులను ఎక్కువగా ఆకర్షించేది డ్రిబ్లింగ్, అంటే బంతిని ఒక్కడే కాళ్ళ మధ్య తిప్పుతూ ప్రత్యర్థులను దాటుకొంటూ పోవడం. చూపరులు చప్పట్లు కొట్టేదీ దీనికే. రహీం మాత్రం బంతి మనిషి కంటే వేగంగా పోతుంది కనుక, దానిని వెంటనే తోటివానికి అందించడమే మేలని బోధించాడు. చెప్పి ఊరుకోక, దీనికొక ఉపాయం కనిపెట్టాడు. డ్రిబ్లింగ్‌ను నిషేధించి ప్రత్యేకంగా పోటీలు ఏర్పాటు చేశాడు. ఈ పోటీలలో ఆటగాడు బంతిని తనవద్ద ఉంచుకోకుండా వెంటనే పాస్ చేయవలసి ఉంటుంది. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు మరికొన్ని. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో ఆడవలసిరావడం వలన రెండు కాళ్ళూ సమంగా పనిచేయడం అలవాటయ్యేది. పిల్లల కోసం ఎత్తు పరిమితి విధించి వేరుగా పోటీలు జరిపించేవాడు. పొట్టివారు, చిన్నవయసువారు పెద్దవారితో పోటీపడలేక వెనుకబడిపోకుండా ఉండటానికి ఇవి తోడ్పడ్డాయి.

ఈ విధంగా పేటల పోటీలే పాఠశాలలయ్యాయి. వినోదం కోసం ఆడేవారికీ, చూసేవారికీ తెలియకుండానే కొత్త ఆటతీరు అలవాటయింది.

జట్టు కూర్పు విషయంలో కూడా రహీం కొత్త పద్ధతులు ప్రవేశపెట్టాడు. ఆనాటి హంగేరీ జట్టు ఆటతీరును అనుసరించి, ముందు వరుసలోని ఆటగాళ్ళలో ఒకరిని కొంత వెనుకకు జరిపి ఆడించాడు. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ జట్టు ద్వారా లోకప్రసిద్ధమైన 4-2-4 అమరికకు దగ్గరగా ఉండే పద్ధతిని భారత జట్టు అంతకు ముందే ప్రయోగించిందని క్రీడా చరిత్రకారులు పేర్కొంటారు.

తులసీదాస్ బలరాం

రహీం గుర్తించిన ఆటగాళ్ళలో తులసీదాస్ బలరాం (మరణం ఫిబ్రవరి 16, 2023) ముఖ్యుడు. ఇతడు సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. స్థానిక పోటీలో ఇతని ఆట చూసిన రహీం హైదరాబాదుకు వచ్చి అభ్యాసంలో పాల్గొనమన్నాడు. అంత దూరం రావడానికి తన వద్ద సైకిలు గాని, అద్దె సొమ్ము గాని లేవని బలరాం చెప్పగా, అద్దె సైకిలుకు అయ్యే ఖర్చు రహీం తానే ఇచ్చాడు. ఆ కుర్రవాడే 1956, 1960 ఒలింపిక్ క్రీడలలోనూ, 1962 ఆసియా క్రీడలలోనూ దేశానికి ప్రాతినిధ్యం వహించి, భారతదేశపు గొప్ప ఫార్వర్డ్ ఆటగాళ్ళలో ఒకడుగా నిలిచాడు. సైకిలు అద్దె లేక ఆగిపోయే ప్రతిభ పేటలలో ఎంత ఉంటుందో ఉపాధ్యాయుడిగా రహీంకు తెలుసు.

జాతీయ జట్టు శిక్షకుడు

1951లో న్యూఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారత జట్టు రహీం శిక్షణలో ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి స్వర్ణ పతకం సాధించింది. సాహూ మేవాలాల్ గోల్ చేశాడు. జట్టుకు శైలేన్ మన్నా నాయకుడు.

1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో మాత్రం భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడిపోయింది. భారత ఆటగాళ్ళలో పలువురు బూట్లు లేకుండానే ఆడారు. ఈ పరాజయం తరువాత దేశంలో బూట్లు ధరించి ఆడటం తప్పనిసరి అయింది. వట్టికాళ్ళ ఆటకు అలవాటుపడిన ఆటగాళ్ళను కొత్త పద్ధతికి మళ్ళించడం ఆనాటి శిక్షకులకు కష్టమైన పని.

నాలుగేళ్ళ తరువాత, 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో రహీం జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం భారతదేశమే. సెమీఫైనల్‌లో యుగోస్లావియా చేతిలో 4-1, కాంస్య పతకం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0 తేడాతో ఓడి నాలుగవ స్థానంలో నిలిచింది. ఈ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం మొదలైన హైదరాబాదు ఆటగాళ్ళు ఉన్నారు.

1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు కఠినమైన గ్రూపులో ఆడింది. హంగేరీతో 2-1, పెరూతో 3-1 తేడాతో ఓడిపోయినా, ఫ్రాన్స్‌తో 1-1 సమంగా నిలిచింది. రహీం కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీం కూడా ఈ జట్టుకు ఎంపికయ్యాడు. ఫుట్‌బాల్‌లో భారతదేశం పాల్గొన్న చివరి ఒలింపిక్ క్రీడలు ఇవే.

1962 జకార్తా ఆసియా క్రీడలు

జకార్తా క్రీడల నాటికి రహీం క్యాన్సర్ వ్యాధితో బాధపడుతున్నాడు. అయినప్పటికీ జట్టు శిక్షణను విడిచిపెట్టలేదు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడిన భారత జట్టు, తరువాత థాయిలాండ్‌ను 4-1, జపాన్‌ను 2-0 తేడాతో ఓడించింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గాయపడినవాడిని పక్కన పెట్టకుండా, రహీం అతనిని ముందు వరుసకు మార్చి ఆడించాడు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై భారత్ 3-2 తేడాతో గెలవగా, అందులో ఒక గోల్ జర్నైల్ సింగ్‌దే.

ఈ లోగా మైదానం వెలుపల పరిస్థితులు విషమించాయి. ఇజ్రాయిల్, తైవాన్ దేశాలను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి.సోంధీ విమర్శించడంతో ఇండోనేషియాలో భారత వ్యతిరేక ఆందోళనలు చెలరేగాయి. సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్‌లో సుమారు లక్షమంది ప్రేక్షకులు భారత జట్టుకు వ్యతిరేకంగా కేకలు వేశారు. ఆ జనసముద్రంలో తమను ప్రోత్సహించినది పాకిస్తాన్ హాకీ జట్టు సభ్యులేనని ఆటగాళ్ళు తరువాతి కాలంలో గుర్తు చేసుకొన్నారు. ఫైనల్‌కు ముందురోజు రాత్రి రహీం ఆటగాళ్ళను సమావేశపరచి, తనకు కానుకగా స్వర్ణ పతకాన్ని ఇవ్వవలసిందిగా కోరాడని చెబుతారు.

ఫైనల్‌లో భారత్ దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించింది. పి.కె.బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోల్ చేశారు. చునీ గోస్వామి జట్టుకు నాయకత్వం వహించగా, అస్వస్థత నుండి కోలుకొన్న తంగరాజ్ గోల్‌కీపర్‌గా ఆడాడు. బలరాం, యూసుఫ్ ఖాన్ ఈ జట్టులోని ఇతర హైదరాబాదు ఆటగాళ్ళు.

మరణం

జకార్తా విజయం తరువాత రహీం ఆరోగ్యం క్షీణించింది. పతకం గెలిచిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, 53 సంవత్సరాల వయసులో హైదరాబాదులో మరణించాడు.

రహీం తరువాత

రహీం మరణానంతరం హైదరాబాదు ఫుట్‌బాల్ ఒక్కసారిగా అంతరించలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలుచుకొంది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్య పతకం పొందిన భారత జట్టుకు హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకుడు. హబీబ్, అక్బర్ సోదరులు, షబ్బీర్ అలీ వంటివారు కూడా ఇక్కడివారే. అయితే వీరికి పేరు వచ్చినది ఎక్కువగా కలకత్తా క్లబ్బులలో. స్థానిక క్లబ్బులు అంత పారితోషికం ఇవ్వలేకపోయాయి. ఖాళీ స్థలాలు తగ్గాయి, క్రికెట్ ఆదరణ పెరిగింది. పేటల పోటీలు జరిపించడం, ఆటగాళ్ళను వెదకడం, శిక్షణ ఇవ్వడం, సంఘాన్ని నడపడం అన్నీ రహీం ఒక్కడే చూసుకొనేవాడు. ఆ పనులన్నిటినీ కలిపి చేయగల వ్యవస్థ ఆయన తరువాత ఏర్పడకపోవడం ఈ క్షీణతకు మరొక ముఖ్య కారణం.

1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి స్వర్ణ పతకం లభించలేదు.

గుర్తింపు

శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో ప్రారంభమయింది. అప్పటికి రహీం మరణించి 22 సంవత్సరాలు గడిచాయి. కుమారుడు హకీం అంతర్జాతీయ రిఫరీగా పేరు పొంది, 2017లో ధ్యాన్ చంద్ పురస్కారం అందుకొన్నాడు. 2021 ఆగష్టు 22న మరణించాడు. రహీం జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం 2024 ఏప్రిల్‌లో విడుదలయింది. అమిత్ శర్మ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో అజయ్ దేవగణ్ రహీం పాత్రను పోషించాడు. ఫుట్‌బాల్ అభిమానులకే పరిమితమై ఉండిన రహీం పేరు ఈ చిత్రంతో కొత్త తరానికి పరిచయమయింది.