ఆరు నెలలు ఎవరూ చేయని లెక్క



గణిత టాలెంట్ టెస్టు రాసిన ప్రతిసారీ మేము చివరి రెండు లెక్కల జోలికి పోయేవాళ్లం కాదు. అవి ట్యూషన్లు ఉన్న పిల్లల కోసం ఇచ్చినవని అనుకునేవాళ్లం. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాళ్లమై పి.జి.కి వచ్చాక, ఆ భయం తప్పని మాకు అర్థమైంది. దాన్ని పోగొట్టింది శ్రీనివాస రామానుజన్ జీవితం.

రామానుజన్ 1887 డిసెంబరు 22న తమిళనాడులోని ఈరోడ్‌లో పుట్టి, కుంభకోణంలో పెరిగారు. తండ్రి చీరల దుకాణంలో గుమాస్తా. ఇంట్లో అద్దెకున్న కాలేజీ విద్యార్థులకు వచ్చిన లెక్కలన్నీ ఆయన 11 ఏళ్లకే నేర్చుకున్నారు. అరువు తెచ్చుకున్న లోనీ త్రికోణమితి పుస్తకాన్ని 13 ఏళ్లకు పూర్తిచేశారు. 1903లో కార్ అనే ఆయన రాసిన పుస్తకం చేతికొచ్చింది. అందులో వేల సూత్రాలున్నాయి కానీ నిరూపణలు సరిగా లేవు. రామానుజన్ వాటిని ఒక్కొక్కటిగా తనే సాధించుకున్నారు. కాగితం కొనలేక పలక మీద లెక్క చేసి, మోచేత్తో తుడిచి, ఫలితం మాత్రం నోటుబుక్కులో రాసుకునేవారు.

1904లో స్కూల్లో గణిత బహుమతి, కాలేజీకి స్కాలర్‌షిప్ వచ్చాయి. కానీ లెక్కలు తప్ప మరేదీ చదవక మిగతా సబ్జెక్టులు తప్పారు. స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా మన విశాఖపట్నం వైపు వచ్చేశారు. తరువాత మద్రాసులో చదివినా ఎఫ్.ఏ. గట్టెక్కలేదు. స్కాలర్‌షిప్ ఆగితే ఇంటికి ఏ ముఖంతో వెళ్లాలన్న బాధ మనకు ఒకరు చెప్పాలా? ఆ కష్టకాలంలో నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు గారు ఆయనకు నెలకు 25 రూపాయలిచ్చి ఆదుకున్నారు.

1911లో భారత గణిత సంఘం పత్రికలో రామానుజన్ పాఠకులకు ఒక లెక్క ఇచ్చారు. ఒక వర్గమూలం. దాని లోపల 1, దానికి కలిపి 2 రెట్లు ఇంకో వర్గమూలం. ఆ రెండోదాని లోపల 1, కలిపి 3 రెట్లు మరో వర్గమూలం. తరువాత 4 రెట్లు, 5 రెట్లు... ఇలా అంతం లేదు. మొత్తం విలువ ఎంత?

మూడు సంచికలు వచ్చాయి, ఆరు నెలలు గడిచాయి. ఒక్కరూ జవాబు పంపలేదు. చివరికి ఆయనే చెప్పారు. జవాబు 3!

ఎలాగో చూడండి. 3 అంటే 9కి వర్గమూలం. 9 అంటే 1 + 2×4. ఆ 4 అంటే 16కి వర్గమూలం. 16 అంటే 1 + 3×5. ఆ 5 అంటే 25కి వర్గమూలం. 25 అంటే 1 + 4×6. ఇలా ఎంత దూరమైనా పోవచ్చు. పూర్తి నిరూపణకు ఇంకొంత పని ఉంది కానీ, కిటుకు మాత్రం మన హైస్కూలు బీజగణితమే. పెద్ద లెక్కకు భయపడకుండా చిన్న అంకెతో మొదలుపెట్టడమే అసలు సంగతి.

1912లో ఆయన మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరారు. 1913లో తన సూత్రాలను కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరంలో పంపారు. 1914లో ఇంగ్లండు వెళ్లారు. 1918లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. జబ్బుపడి 1919లో తిరిగివచ్చి, 1920 ఏప్రిల్ 26న 32 ఏళ్లకే కన్నుమూశారు. 2012 నుంచి ఆయన పుట్టినరోజును జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మిగతా సబ్జెక్టులు వదలకండి. మన స్కాలర్‌షిప్ మీద ఇల్లంతా ఆశ పెట్టుకుంది. కానీ చివరి లెక్కనూ వదలకండి. పరీక్షలో రాకపోతే కాగితం మీద రాసుకుని స్టడీ అవర్‌కు తెచ్చుకోండి. మూడు గంటల్లో తేలని లెక్క మూడు వారాల్లో తేలవచ్చు. ఆ రోజు అది మీ సొంతం.