గిరీంద్రశేఖర్ బోస్: మనోవ్యాధిని మామూలు ఆసుపత్రికి తెచ్చిన వైద్యుడు

బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపు వెలిశాక ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఖరగ్‌పూర్‌కు వలసవెళ్లాయి. అయినవాళ్లకు దూరంగా, భాష తెలియని చోట ఒకరికి స్కిజోఫ్రీనియా వస్తే? జబ్బు తీవ్రతతో పాటు ఉద్యోగం, పెళ్లి, కనిపెట్టుకునే మనుషులు కూడా ఆ రోగి భవిష్యత్తును నిర్ణయిస్తాయి. ఈ సంగతి చర్చకు వచ్చినప్పుడు, అక్కడికి కొన్ని గంటల రైలు దూరంలోని కలకత్తాలో పనిచేసిన గిరీంద్రశేఖర్ బోస్‌ను తలచుకోవాలి.

బోస్ 1887లో దర్భంగాలో పుట్టారు. 1910లో వైద్య పట్టా, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. 1922లో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపారు గానీ ఇద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు. యూరప్ రోగులలో ఫ్రాయిడ్ చూసినదంతా భారతీయ రోగులలో అదే రూపంలో కనిపించదని బోస్ వాదించారు. మనసును అది పెరిగిన ఇంటి నుంచి విడదీసి చూడలేమన్నది ఆయన అనుభవం.

అప్పట్లో మనోరోగి అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు, పిచ్చాసుపత్రి గోడలే. 1933లో కార్మైకేల్ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఆయన మానసిక వైద్య ఓపీ ప్రారంభించారు. రోగి మిగతా రోగుల్లాగే వచ్చి, చూపించుకుని, ఇంటికి వెళ్లవచ్చు. 1940లో లుంబినీ పార్క్ ఆసుపత్రి మొదలైంది. 1953లో ఆయన కన్నుమూశారు.

ఆయన తలుపు తెరిచారు. అయితే అక్కడిదాకా రావాలంటే వెంట ఒక తోడు ఉండాలి, ఆ పూట కూలి వదులుకోగలగాలి. వలస కార్మికుడికి నేటికీ కరువైనవి ఆ రెండే.