గుమ్మళాపురం దయ్యప్పులిని కథల్లోకి ఎక్కించిన ఆండర్సన్

జవళగిరి, గుమ్మళాపురం, శివనిపల్లి. హోసూరు, డెంకణికోట వైపు మన తెలుగువాళ్లకు ఇవి చుట్టాలుండే ఊళ్లు. ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాళ్లకు మాత్రం ఇవి నరభక్షక పులుల కథల్లోని పేర్లు. ఈ ఊళ్లకు అలాంటి పేరు తెచ్చినవాడు కెన్నెత్ ఆండర్సన్.

ఆయన 1910 మార్చి 8న సికింద్రాబాద్ దగ్గరి బొల్లారంలో పుట్టారు. వాళ్లది స్కాట్లాండ్ మూలాలున్న కుటుంబం, తరతరాలుగా ఇక్కడే స్థిరపడింది. పెరిగింది, చదివింది, బతుకంతా గడిపింది బెంగళూరులోనే. బిషప్ కాటన్ స్కూల్లో, సెయింట్ జోసెఫ్ కాలేజీలో చదివారు. తపాలా తంతి శాఖలో, తర్వాత బెంగళూరు విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేశారు. సెలవు దొరికితే చాలు, అడవికి బయలుదేరేవారు. కన్నడం, తమిళం బాగా వచ్చు. పశువుల కాపరులతో, అడవిలో వెదురు కొట్టేవాళ్లతో వాళ్ల మాటల్లోనే మాట్లాడేవారు. కబుర్లన్నీ అలాగే ఆయన చెవిన పడేవి.

ఆ కబుర్లలో భయంకరమైనది గుమ్మళాపురం చిరుతది. 42 మందిని చంపిందని ఆండర్సన్ రాశారు. చీకటి పడితే ఊరంతా తలుపులు బిగించుకునేది. గడ్డికప్పులోంచి దూరి మనిషిని ఎత్తుకుపోయేది కాబట్టి, అది జంతువు కాదు, దయ్యమే చిరుత రూపంలో తిరుగుతోందని జనం నమ్మారు. దయ్యమని నమ్మినప్పుడు దాని జాడ చెప్పడానికీ భయమే. చెబితే తమ మీద పగబడుతుందేమోనని వెనకాడతారు. వేటగాడికి కావలసిన కబురే రాదు. ఆ మౌనమే దానికి కవచం.

ఆండర్సన్ ఆ నమ్మకాన్ని ఎగతాళి చేయలేదు. దయ్యాలు, మంత్రతంత్రాల మీద ఆయనకే ఆసక్తి ఉండేది. అయితే తుపాకీ పట్టుకున్నాక మాత్రం పాదముద్రలనే నమ్మారు. రాత్రుళ్లు ఒంటరిగా కాపు కాశారు. చివరికి ఒక ఊరకుక్క ఆయన పక్కన చేరి, చిరుత దగ్గరికి వస్తుంటే గుర్రుమని హెచ్చరించింది. చిరుత చచ్చింది. ఆ కుక్కను ఇంటికి తీసుకెళ్లి నిప్పర్ అని పేరు పెట్టుకున్నారు. చచ్చిన చిరుత ముందుకాలి వేళ్ల మధ్య ముళ్లపంది ముళ్లు విరిగి ఉన్నాయని ఆయన రాశారు. కాలు సరిగా ఆనలేని జంతువుకు జింకను పట్టడం కష్టం, మనిషిని పట్టడం సులువు.

శివనిపల్లి కథలోని నల్ల చిరుత సంగతీ ఇంతే. నల్ల చిరుత వేరే జాతి కాదు. ఒంట్లో నల్ల రంగు ఎక్కువైన మామూలు చిరుతే. ఎండలో దగ్గరగా చూస్తే మచ్చలు కనిపిస్తాయి. మసక వెలుతురులో చూసినవాళ్లకు మాత్రం నల్లటి ఆకారమే మిగులుతుంది, కథ అక్కడ పుడుతుంది.

తిరుపతి దగ్గరి చామల లోయలోనూ ఆయన నరభక్షక పులి కోసం తిరిగారు. 1939 నుంచి 1966 వరకు ఆయన 8 నరభక్షక చిరుతలను, 7 పులులను చంపినట్టు ప్రభుత్వ రికార్డుల లెక్క. మొదటి వేట పుస్తకం 1954లో వచ్చింది. ఆయన కథలను పూర్ణచంద్ర తేజస్వి కన్నడలోకి తేవడంతో కర్ణాటకలో ఇంటింటికీ చేరాయి. కథల్లో రంగు ఎక్కువైందనేవాళ్లూ ఉన్నారు. అది కొట్టిపారేయవలసిన మాట కాదు, వాటికి సాక్షి చాలాసార్లు ఆయనొక్కరే.

వయసు మీదపడేకొద్దీ అడవులు పలచబడడం, జంతువులు తగ్గిపోవడం చూసి బాధపడ్డారు. సరదా వేట మానాలని, తుపాకీ బదులు కెమెరా పట్టాలని రాశారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, మరుసటి ఏడు ప్రాజెక్ట్ టైగర్ వచ్చాయి. 1974 ఆగస్టు 30న ఆండర్సన్ కన్నుమూశారు.

హోసూరు, డెంకణికోట అడవుల్లో చాలా భాగం 2014 నుంచి కావేరి ఉత్తర అభయారణ్యం. అక్కడ చిరుతలు ఇంకా ఉన్నాయి. అడవి అంచు ఊళ్లలో వింత జంతువు కనబడిందన్న కబురు ఇప్పుడు ఫోన్లలో పరుగెడుతుంది. కబురు వినగానే కర్రలు పట్టుకుని వెళితే మనిషికీ ప్రమాదం, జంతువుకూ ప్రమాదం. దయ్యమని తలుపేసుకుని ఊరుకున్నా అంతే. అడుగుజాడ చెరపకుండా ఉంచి, అటవీ శాఖకు చెప్పడమే మేలు. గుమ్మళాపురంలో దయ్యం సంగతి తేల్చినది కూడా అడుగుజాడలు, గుర్రుమన్న ఒక కుక్క, కాలిలోని ముళ్లు.