శాస్త్రములకు తెలుగు పేరులు – కొమర్రాజు లక్ష్మణరావుగారి జీవితము

గ్రంథాలయమున పుస్తకములను బీరువాలలో నమర్చునపుడు రసాయన శాస్త్రము, జీవశాస్త్రము, అర్థశాస్త్రము అని విభాగించుట నేడు మనకు సహజముగా దోచును. ఈ పేరులు అనాదినుండియు నీ యర్థములతోనే యున్నవని చదువరులు తలంచుట కలదు. కాని నూరేండ్లకు బూర్వము ఈ శాస్త్రములను తెలుగున జదువగోరువానికి పుస్తకము లభించుటయే యరుదు. ఆ కొఱతను దీర్చుటకై జీవితమును ధారవోసిన మహనీయులు కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు.

వీరు 1877వ సంవత్సరము మే 18వ తేదీన కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. తల్లి గంగమ్మగారు, తండ్రి వేంకటప్పయ్యగారు. మూడేండ్ల ప్రాయముననే తండ్రిని గోలుపోయిరి. బాల్యమున కొంతకాలము భువనగిరిలో నుండి, పిమ్మట అక్కగారైన భండారు అచ్చమాంబగారి యింట నాగపురమున విద్యాభ్యాసము చేసిరి. అబలా సచ్చరిత్ర రత్నమాలను రచించిన విదుషీమణి యీ అచ్చమాంబగారే. నాగపురవాసమువలన లక్ష్మణరావుగారికి మహారాష్ట్ర భాష స్వాధీనమయ్యెను. నూతన శాస్త్రములను దేశభాషలో చెప్పవచ్చునని వారికి ఆ భాషాపరిచయమే తెలిపెను. 1902లో ఎం.ఏ. పట్టము నందిరి. మునగాల సంస్థానమున దివానుగా పనిచేసిరి.

ఉద్యోగముతో వారి మనస్సు తృప్తి జెందలేదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. మునగాల రాజాగారైన నాయని వేంకట రంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారితో గూడి లక్ష్మణరావుగారు దానికి పునాది వేసిరి. 1905లో అచ్చమాంబగారు కాలధర్మము నొందిరి. తల్లివలె బెంచిన సోదరి పోయిన దుఃఖము మానకమునుపే, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపనకు వారు పూనుకొనిరి. 1908లో ఆ మండలి చెన్నపట్టణమునకు తరలెను.

మండలి ప్రకటించిన గ్రంథముల పేరులను పరికింపుడు. మంత్రిప్రగడ సాంబశివరావుగారి పదార్థ విజ్ఞాన శాస్త్రము, వేమూరి విశ్వనాథశర్మగారి రసాయన శాస్త్రము, ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, కట్టమంచి రామలింగారెడ్డిగారి అర్థశాస్త్రము. ఇందు పెక్కు పేరులు పాత మాటలే. పదార్థమనగా వైశేషికులకు ద్రవ్యము, గుణము, కర్మ మొదలగునవి. రసాయనము ఆయుర్వేదపు టెనిమిది యంగములలో నొకటి. ముదిమిని దూరముచేయు ఔషధవిధానమునకు పేరు. కౌటిల్యుని అర్థశాస్త్రము రాజ్యపాలనమునకు సంబంధించినది. ఆ ప్రాచీన పదములే నూతన శాస్త్రశాఖలకు పేరులై, వస్తుధర్మములను, వస్తువుల కూడికలను, సంపద యుత్పత్తి వినియోగములను దెలుపసాగెను.

ఈ పేరులన్నియు లక్ష్మణరావుగారే కల్పించిరని చెప్పుట సత్యము కాదు. ఇట్టి పేరులు మహారాష్ట్రమునందును గలవు. వారి ఘనత వేఱు. ఒక్కొక్క శాఖకు నొక్కొక్క గ్రంథకర్తను వెదకి, వ్రాయించి, అచ్చొత్తించి, ఆ పేరు చదువరి నోట నిలుచునట్లు చేసిరి. పద్దు లేని సొమ్ము లెక్కలోనికి రాదు. అట్లే పేరులేని శాస్త్రమును రైతుబిడ్డ ఏమని యడుగును? పేరుండియు పుస్తకము లేనిచో అడిగి యేమి ఫలము? ఈ రెంటిని జతపఱచుటయే మండలి చేసిన మహోపకారము.

పిదప వారు అంతకంటె పెద్దకార్యమునకు బూనిరి. సకల శాస్త్రవిషయములను అకారాదిక్రమమున జెప్పు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును దలపెట్టి, 1915లో మొదటి సంపుటమును వెలువరించిరి. ఎన్ని శాస్త్రములున్నవో అన్నింటి పరిభాషయు తెలుగున గావలసివచ్చెను. ఇతర పండితుల సాయము గొనుచు, తామును పెక్కు వ్యాసములు రచించిరి. శాసనపరిశోధనమును విడువలేదు. మూడు సంపుటములు వెలువడినవి. వర్ణమాలయో ఇంకను మొదటి యక్షరములలోనే యుండెను. 1923 జూలై 12వ తేదీన, నలువదియాఱేండ్ల వయస్సున, చెన్నపట్టణమున వారు పరమపదించిరి.

అసంపూర్ణమైన యా మహాగ్రంథమును దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావుగారు మరల జేపట్టిరి. ఆయనయు 1938లో గతించుటచే నది పూర్తికాలేదు. 1947లో చెన్నపట్టణమున నేర్పడిన తెలుగు భాషా సమితి విజ్ఞాన సర్వస్వమును అక్షరక్రమమున గాక, ఒక్కొక్క శాస్త్రవర్గమునకు నొక్కొక్క సంపుటముగా ప్రకటించెను. లక్ష్మణరావుగారి యొద్ద పనిచేసిన మల్లంపల్లి సోమశేఖరశర్మగారు ఈ ప్రయత్నమునందును పాల్గొనిరి.

కాలక్రమమున కొన్ని పేరులు మాఱినవి. పదార్థ విజ్ఞాన శాస్త్రమును నేడు భౌతిక శాస్త్ర మనుచున్నాము. రసాయన, జీవ, అర్థశాస్త్రములు నాటి పేరులతోనే పాఠశాలలలో నిలిచియున్నవి. నేడు నూతన శాఖలు దినదినము పుట్టుచున్నవి; వానిలో పెక్కింటికి తెలుగున పేరును లేదు, పుస్తకమును లేదు. ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమున జదువుకొని పై చదువులకేగిన యువకులును యువతులును, తాము నేర్చిన శాస్త్రమును గుఱించి తెలుగున నొక్క చిన్న పుస్తకమైనను వ్రాసి యీ బీరువాలలో నుంచినచో, లక్ష్మణరావుగారి ఋణమును కొంత తీర్చినవారగుదురు.