దుకాణంలో గుమాస్తా, రణరంగంలో సేనాని: గ్రాంట్

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనలను విజయపథాన నడిపి, రెండుసార్లు దేశాధ్యక్షుడైన యులిసిస్ గ్రాంట్‌కు వ్యాపారం ఏనాడూ అచ్చిరాలేదు. 1822 ఏప్రిల్ 27న ఒహాయో రాష్ట్రంలో తోళ్ల వ్యాపారి ఇంట జన్మించిన ఆయన 1843లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం నుంచి పట్టభద్రులయ్యారు. మెక్సికో యుద్ధంలో పాల్గొన్నారు. భార్యాబిడ్డలకు దూరంగా పసిఫిక్ తీరంలో కొలువు దుర్భరం కాగా 1854లో రాజీనామా చేశారు.

తరువాతి ఏడేళ్లు గడ్డుకాలం. మిస్సోరీలో సేద్యం గిట్టుబాటు కాలేదు. సెయింట్ లూయిస్ వీధుల్లో వంటచెరకు అమ్ముకున్నారు. 1857 డిసెంబరులో బంగారు గడియారాన్ని తాకట్టు పెట్టారు. అంతటి లేమిలోనూ తన అధీనంలోని విలియం జోన్స్ అనే బానిసను విక్రయించి సొమ్ము చేసుకోక, 1859లో విముక్తుణ్ణి చేశారు. 1860లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని గెలీనా పట్టణం చేరి, తండ్రికి చెందిన తోలు సరుకుల దుకాణంలో తమ్ముళ్లతో కలిసి పనిచేశారు.

1861లో యుద్ధం రావడంతో ఆయన దశ తిరిగింది. 1862లో ఫోర్ట్ డొనెల్సన్, 1863 జూలై 4న విక్స్‌బర్గ్ ఆయనకు వశమయ్యాయి. 1864 మార్చిలో లింకన్ ఆయనను సర్వసైన్యాధిపతిగా నియమించారు. 1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని లీ లొంగిపోయినప్పుడు, ఓడిన సైనికులు దుక్కులకోసం తమ గుర్రాలను ఇళ్లకు తీసుకుపోయేందుకు గ్రాంట్ అనుమతించారు.

1869 నుంచి 1877 వరకు సాగిన ఆయన పాలనను సహచరుల అవినీతి అప్రతిష్ఠపాలు చేసింది. అయితే నల్లజాతి పురుషుల ఓటుహక్కుకు 1870లో రాజ్యాంగ రక్షణ లభించింది ఆ హయాంలోనే. 1873 ఆర్థిక సంక్షోభం తరువాత కాగితపు కరెన్సీని పెంచే బిల్లును 1874లో వీటో చేశారు. పదవీ విరమణానంతరం ప్రపంచయాత్రలో భాగంగా 1879లో బొంబాయి, ఆగ్రా, ఢిల్లీ, కలకత్తా నగరాలను సందర్శించారు.

కుమారుడు భాగస్వామిగా ఉన్న న్యూయార్క్ సంస్థలో ఆయన తన సొమ్మంతా పెట్టారు. మరో భాగస్వామి ఫెర్డినాండ్ వార్డ్ మోసం వల్ల 1884 మేలో అది దివాలా తీసింది. ధనికుడు వాండర్‌బిల్ట్ వద్ద తెచ్చిన లక్షా 50 వేల డాలర్ల అప్పుకింద యుద్ధ జ్ఞాపికలను సైతం అప్పగించారు. అంతలోనే గొంతు క్యాన్సర్ బయటపడింది. కుటుంబం వీధిన పడరాదని బాధను దిగమింగుతూ ఆత్మకథ రాశారు. అది ముగించిన కొద్దిరోజులకే, 1885 జూలై 23న కన్నుమూశారు. మార్క్ ట్వేన్ సంస్థ ప్రచురించిన ఆ గ్రంథం కుటుంబానికి నాలుగు లక్షల డాలర్లకు పైగా ఆర్జించిపెట్టింది.