వనసంచారము

జిడ్డు కృష్ణమూర్తి 1895వ సంవత్సరము మే నెలలో రాయలసీమయందలి మదనపల్లెలో జన్మించెను. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి; తల్లి సంజీవమ్మ. ఎనిమిదవ సంతానమగుటచే ఆ బిడ్డకు దేవకీనందనుని పేరు పెట్టిరి. 1905లో తల్లి గతించెను. పాఠములు మరచి మొక్కలను, మేఘములను, పురుగులను చూచుచు నిలిచిపోవు ఆ బాలుని ఉపాధ్యాయులు మందమతి యనుకొనిరి. చురుకైన తమ్ముడు నిత్యానందుడే అతనికి తోడునీడ.

1909లో ఆ కుటుంబము మద్రాసు చెంతనున్న అడయారు చేరెను. అచటి దివ్యజ్ఞాన సమాజ నాయకులు ఈ బాలుడు జగద్గురువు కాగలడని విశ్వసించి, 1911లో సోదరుల నిరువురను ఇంగ్లండునకు గొనిపోయిరి. కొన్నాళ్లకు నిత్యానందునికి క్షయ సోకెను. మంచి గాలికై 1922లో వారు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఓహై అను కొండలోయకు వెళ్లిరి. 1925 నవంబరు 13వ తేదీన తమ్ముడు అచటనే కన్నుమూసెను. అన్న అప్పుడు ఓడపై స్వదేశమునకు వచ్చుచుండెను. తమ్ముడు బ్రదుకునని అతడు దృఢముగా నమ్మియుండెను. ఆ వార్తతో ఆ నమ్మకము కూలిపోయెను. 1929లో ఆయన తన కొరకు నెలకొల్పిన సంఘమును తానే రద్దుచేసి, గురుపీఠమును విడిచెను.

1938లో కాలిఫోర్నియాలోనే ఆంగ్ల రచయిత ఆల్డస్ హక్స్లీతో ఆయనకు స్నేహము కుదిరెను. హక్స్లీ మహాపండితుడు, పదునారేండ్ల ప్రాయమున నేత్రవ్యాధిచే చూపు చాలవరకు కోల్పోయినవాడు. కృష్ణమూర్తి గ్రంథపఠనము స్వల్పము. అంతటి పండితుని ఎదుట ఆయనకు బిడియము కలుగుచుండెడిది. మరుసటి సంవత్సరమే ప్రపంచ యుద్ధము చెలరేగెను. ఇరువురును యుద్ధమును నిరసించినవారే. 1940 తరువాత నాలుగేండ్లు కృష్ణమూర్తి బహిరంగోపన్యాసము లీయలేదు.

ఆ దినములలో మిత్రులిరువురు కొండదారుల వెంట, చెట్లనీడల వెంట దీర్ఘముగా నడచుచుండిరి. తరచు మాటలే యుండెడివి కావు. గదిలో ఎదురెదురుగా కూర్చున్నవారు ఏదియో యొకటి పలుకవలసివచ్చును. ప్రక్కప్రక్కన నడచువారికి ఆ నిర్బంధము లేదు. అడుగుతో అడుగు కలియును. చూపు తనపై నుండి చెట్టుపైకి, పిట్టపైకి మరలును. గుండెలోని బరువు కొంత తేలికపడును. ఆ నడకలో పండితునికి పాండిత్యము చూపవలసిన పని లేదు. పండితుడు కానివానికి బిడియపడవలసిన పని లేదు.

ఈ స్నేహము ఫలించెను. హక్స్లీ ప్రోత్సాహముచే కృష్ణమూర్తి గ్రంథరచనకు పూనుకొనెను. 1954లో వెలువడిన ఆయన గ్రంథమునకు హక్స్లీయే పీఠిక వ్రాసెను. 1963లో హక్స్లీ మరణించెను. కృష్ణమూర్తి మాత్రము వార్ధక్యమునందును నడక మానలేదు. 1986 జనవరిలో, బాల్యమున తాను తిరిగిన అడయారు సముద్రతీరమున కడపటిసారి నడచి, ఓహైకి వెళ్లెను. ఫిబ్రవరి 17వ తేదీన అచటనే పరమపదించెను.

మదనపల్లె చేరువనున్న ఋషివ్యాలీ విద్యాలయము ఆయన భావములతో ఏర్పడినది. అచటి బాలబాలికలు సాయంసమయమున ఒకచోట చేరి, కొండల వెనుక క్రుంకు సూర్యుని చూచుచు మౌనముగా కూర్చుందురు. విచారమున నున్న మిత్రుని వెంట మాటలాడక కొంతదూరము నడచుట మన కెల్లరకును సాధ్యమైన పనియే.